మూత కారుతోందని మొదట తెలిసిందెవరికి?

ప్రశ్న: మాది గిన్నెలు, నేల, బట్టలు శుభ్రం చేసే లిక్విడ్లు తయారుచేసే కంపెనీ. నాన్నగారు పెట్టారు. ఆయన తప్పుకున్నాక నేనూ మా తమ్ముడూ చూసుకుంటున్నాం. ఫ్యాక్టరీ, ఆఫీసు, సేల్స్ అంతా కలిపి 120 మంది దాకా ఉంటారు. రెండేళ్లుగా ప్రతి నెలా టార్గెట్ దాటుతున్నాం. అయినా డిస్ట్రిబ్యూటర్లు డబ్బు ఆలస్యంగా ఇస్తున్నారు, సరుకు కదలడం లేదంటున్నారు. ఈమధ్య గిన్నెల లిక్విడ్ బాటిల్ మూత దగ్గర కారుతోందని ఫిర్యాదులు వచ్చాయి. ఆరా తీస్తే, 6 నెలల కిందట మూతల సప్లయర్‌ని మార్చినప్పుడే మెషిన్ ఆపరేటర్ ఈ సంగతి సూపర్‌వైజర్‌కి చెప్పాడని తేలింది. నా దాకా రాలేదు. మన కల్చర్ బాగాలేదు, కన్సల్టెంట్‌ని పిలిచి కంపెనీ విలువలు రాయిద్దాం, కస్టమర్లు మనల్ని అంటిపెట్టుకుని ఉండేలా పాయింట్లిచ్చే యాప్ పెడదాం అంటాడు తమ్ముడు. యాడ్స్‌కీ స్కీములకీ డబ్బు పెట్టమంటాడు సేల్స్ మేనేజర్. నాకైతే కల్చర్ అనేది పెద్ద కంపెనీల ముచ్చట అనిపిస్తుంది. ఉన్న కొద్ది డబ్బు దేని మీద పెట్టాలి? బయటికి వెళ్లిపోయిన బాటిళ్లు వెనక్కి తెప్పించాలా?

సమాధానం: డబ్బు సంగతికి వస్తాను. దానికన్నా ముందు, మీరు ఇంత ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయం ఒకటుంది. "నా దాకా రాలేదు" అన్నారు. ఫ్యాక్టరీలో ఒక మనిషికి తెలిసిన సంగతి, అదే కాంపౌండులో కూర్చునే యజమానికి చేరడానికి 6 నెలలు పట్టింది. అదీ కస్టమర్లు ఫోన్ చేస్తే తప్ప చేరలేదు. కల్చర్ పెద్ద కంపెనీల ముచ్చట అనుకుంటున్నారు కదా, మీ కంపెనీ కల్చర్ అంటే ఈ 6 నెలలే. చెడు కబురు చెప్పినవాడికి మీ దగ్గర ఏమవుతుంది, చెప్పనివాడికి ఏమవుతుంది అన్నదాన్ని మించి ఆ మాటకు నాకు వేరే అర్థం తెలియదు.

మీ వ్యాపారంలో ఇది మిగతావాటికన్నా ఎక్కువ దెబ్బ కొడుతుంది. కారు కొన్నవాడు తేడా వస్తే షోరూం ముందు కూర్చుని గొడవ చేస్తాడు. లిఫ్టులు అమ్మే కంపెనీకి కస్టమర్ ఎదురుగానే ఉంటాడు, అరుస్తాడు, బిల్లు ఆపుతాడు. గిన్నెల లిక్విడ్ కొన్న మనిషి ఏం చేస్తుంది? చెయ్యి కడుక్కుంటుంది, బాటిల్ తుడుచుకుంటుంది, తర్వాతిసారి పక్కనున్న బాటిల్ తీసుకుంటుంది. అంతే. ఫోన్ చేసి చెప్పేంత ఖరీదైన వస్తువు కాదది. 1970ల్లో అమెరికా ప్రభుత్వం కోసం కస్టమర్ల ఫిర్యాదుల మీద జరిగిన అధ్యయనాల్లో తేలిందీ ఇదే: అసంతృప్తి చెందినవాళ్లలో ఎక్కువమంది కంపెనీకి అసలు చెప్పనే చెప్పరు. చెప్పినవాళ్లలో, సమస్య వెంటనే తీరినవాళ్లు మళ్లీ అదే సరుకు కొనడానికి మొగ్గుతారు. అంటే ఫోన్ చేసి తిట్టినావిడ మీకు మేలు చేసింది. నోరెత్తకుండా వెళ్లిపోయినవాళ్ల లెక్క మీ దగ్గర ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

పైగా మీకూ వాడేవాళ్లకూ మధ్య డిస్ట్రిబ్యూటర్ ఉన్నాడు, షాపు ఉంది. ఒక్కో మెట్టు దాటేసరికి మాట పలచబడిపోతుంది. అందుకే మీకున్న అసలు చెవులు మీ మనుషులే. బాటిల్ నింపే ఆపరేటర్, షాపులకు తిరిగే సేల్స్ కుర్రాడు, ఫోన్ ఎత్తే అమ్మాయి. వాళ్లు విన్నది, చూసింది మీ వరకు రాకపోతే మీరు చెవులు మూసుకుని వ్యాపారం చేస్తున్నట్టే.

ఆ మూత సంగతే కాస్త దగ్గరగా చూద్దాం. సప్లయర్ మారాడు. కొత్త మూత కొలతలన్నీ కాగితం మీద సరిపోయాయి. మర లోతులోనో లోపలి లైనర్ మందంలోనో వెంట్రుకవాసి తేడా ఉండి ఉంటుంది. పాత సెట్టింగ్‌లో మెషిన్ బిగిస్తే వదులుగా ఉంటోంది. గట్టిగా బిగిస్తే మూత అంచు చిట్లుతోంది. బాటిల్ నిలబెట్టి ఉన్నంతసేపూ ఏమీ కాదు, క్వాలిటీ టేబుల్ మీద పాసవుతుంది. అట్టపెట్టెలో పక్కకు ఒరిగి, పైన ఇంకో నాలుగు పెట్టెల బరువు పడ్డాక లిక్విడ్ మర పట్టుకుని జారుతుంది. ఆపరేటర్‌కి ఇదంతా మీటర్లు చూసి తెలియలేదు. ట్రే తడిగా ఉంది, చేతికి జిగటగా తగిలింది, చెప్పాడు.

సూపర్‌వైజర్ ఏం విన్నాడు? మెషిన్ ఆపాలి అని విన్నాడు. ఆయన పనితనాన్ని మీరు కొలిచేది షిఫ్టుకి ఎన్ని కేసులు, అంటే బాటిళ్లు నింపిన పెట్టెలు, దిగాయన్న లెక్కతో. గంట ఆపితే సాయంత్రం సేల్స్ నుంచి ఫోన్ వస్తుంది. "చూద్దాంలే, నడిపించు" అన్నాడు. ఇక ఫోన్ ఎత్తే అమ్మాయి దగ్గరికి రండి. ఆమె ముందున్న స్క్రీన్ మీద కారణాల జాబితా ఒకటి ఉంటుంది. అందులో "రవాణాలో డ్యామేజీ" ఉంటుంది, "గడువు దాటింది" ఉంటుంది. "మూత బిగియలేదు" అని ఉండదు, ఎందుకంటే జాబితా తయారుచేసినవాళ్లకు ఆ ఊహ లేదు. దగ్గరగా ఉన్నదేదో నొక్కుతుంది, కూపన్ పంపుతుంది, ఫిర్యాదు మూసేస్తుంది. ఎన్ని మూసిందన్నదే ఆమె మార్కులు కూడా. నెలాఖరు రిపోర్టులో "రవాణాలో డ్యామేజీ పెరిగింది" అని వస్తుంది. ఈ 6 నెలల్లో మీరు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో ఒకసారైనా గొడవపడే ఉంటారు, కాదనకండి.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరూ దొంగ కాదు. తిలా పాపం తలా పిడికెడు. ఒక్కొక్కరూ మీరు ఏది కొలుస్తారో అదే చేశారు.

తమ్ముడు చెప్పిన విలువల బోర్డు దీన్ని ఆపగలదా? విలువలు రాసుకోవడాన్ని నేను ఎగతాళి చేయను. ఈ విషయంలో అందరూ చెప్పే పేరు జాన్సన్ అండ్ జాన్సన్. ఆ కంపెనీ 1943లోనే తన సూత్రాలను ఒక పేజీలో రాసుకుంది, తమ మొదటి బాధ్యత తమ సరుకు వాడేవాళ్ల పట్ల అని. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో ఆ కంపెనీ నొప్పి మందు టైలెనాల్ క్యాప్సూళ్లలో సైనైడ్ కలిపితే 7 గురు చనిపోయారు. తప్పు కంపెనీది కాదు. అయినా దేశమంతటి నుంచీ దాదాపు 3 కోట్ల 10 లక్షల బాటిళ్లు వెనక్కి తెప్పించింది, సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టుకుంది, ఎవరైనా ముట్టుకుంటే తెలిసిపోయే సీళ్లతో మళ్లీ మార్కెట్‌లోకి వచ్చింది. ఏడాది తిరిగేసరికి పోయిన అమ్మకాల్లో చాలా భాగం తిరిగి తెచ్చుకుంది.

ఇక్కడి దాకా చాలామందికి తెలుసు. అంతకు ఏడెనిమిదేళ్ల ముందు జరిగింది తక్కువమందికి తెలుసు, నా దృష్టిలో అసలు విషయం అదే. 1970ల మధ్యలో జేమ్స్ బర్క్ అనే ఆయన, తర్వాత ఛైర్మన్ అయి టైలెనాల్ గండం దాటించినది ఆయనే, మేనేజర్లను ఒక గదిలో కూర్చోబెట్టి ఆ కాగితాన్ని వాళ్ల ముందు పెట్టాడు. దీన్ని మనం పాటిస్తున్నామా లేదా? పాటించకపోతే గోడ మీంచి పీకేద్దాం, అన్నాడు. కొందరు అది ఆచరణలో కుదరదని మొహం మీదే చెప్పారు. వాదించుకున్నారు. ఇలాంటి సమావేశాలు తర్వాత చాలాచోట్ల పెట్టారు. 1982 వచ్చేసరికి ఆ మేనేజర్లు ఒకరినొకరు నిలదీసుకుని, ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు.

అదే కంపెనీ, అదే కాగితం. 2009లో వాళ్ల అనుబంధ సంస్థ తయారుచేసిన మోట్రిన్ అనే నొప్పి మాత్రలు సరిగా కరగడం లేదని తేలింది. రీకాల్ ప్రకటించడానికి ముందు ఏం చేశారో తెలుసా? కాంట్రాక్టర్లను మామూలు కొనుగోలుదార్లలా షాపులకు పంపించి, చప్పుడు చేయకుండా ఆ ప్యాకెట్లు కొనిపించారు. 2010లో అమెరికా కాంగ్రెస్ విచారణలో ఇది బయటపడి పరువు పోయింది. గోడ మీది సూత్రాలు అలాగే ఉన్నాయి. దాని గురించి వాదించుకునే అలవాటు ఎక్కడో జారిపోయింది.

జపాన్‌లో స్నో బ్రాండ్ అనే పాల కంపెనీ కథ ఇంతకన్నా చేదు. 1955లో వాళ్ల పాలపొడి వల్ల స్కూలు పిల్లలు పెద్ద సంఖ్యలో జబ్బుపడ్డారు. అప్పటి అధ్యక్షుడు ఉద్యోగులందరినీ ఉద్దేశించి ఒక సందేశం రాశాడు, మన పరువు పోయింది, దీన్ని ఎన్నటికీ మరవద్దు అన్న ధోరణిలో. ఏళ్ల తరబడి కొత్తగా చేరినవాళ్ల చేతికి దాన్ని ఇచ్చేవారు. తర్వాత ఆ అలవాటు ఆగిపోయింది. 2000లో హొక్కైడోలోని ఒక ఫ్యాక్టరీలో కరెంటు పోయి పాలు వెచ్చగా ఉండిపోయాయి, బ్యాక్టీరియా పెరిగింది. తర్వాత వేడి చేస్తే బ్యాక్టీరియా చచ్చింది కానీ అది వదిలిన విషం పోలేదు. 13 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. విలేకరులు చుట్టుముడితే, "నేను నిద్రపోలేదు తెలుసా" అని విసుక్కున్నాడు అధ్యక్షుడు. ఆ ఒక్క మాట జపాన్ జనానికి ఇప్పటికీ గుర్తు. 1955లోనూ కరెంటు పోవడమే కారణాల్లో ఒకటి.

కాబట్టి తమ్ముడితో ఇలా అనండి: జబ్బు నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, మందు మాత్రం తప్పు. కన్సల్టెంట్‌కి ఇచ్చే డబ్బు దాచు. విలువలు రాసుకోవాలనుంటే ఈ మూత గొడవ పూర్తిగా తేలాక, ఆ ఆపరేటర్‌నీ ఆ సూపర్‌వైజర్‌నీ కూడా కూర్చోబెట్టుకుని, మన భాషలో, ఒక్క పేజీలో రాసుకుందాం. ఏటా ఒకసారి దాన్ని ముందు పెట్టుకుని తగాదా పడదాం.

ఇప్పుడు టార్గెట్ల సంగతి. మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే, మూత కాదు. ప్రతి నెలా టార్గెట్ దాటుతున్నారు, డిస్ట్రిబ్యూటర్ల డబ్బు మాత్రం రావడం లేదు. మీ గేటు దాటిన సరుకును మీరు అమ్మకం అంటున్నారు. అది డిస్ట్రిబ్యూటర్ గోడౌన్లోకి మారింది, అంతే. 25వ తారీకు దాటాక సేల్స్ మేనేజర్ ఫోన్లు చేస్తాడు, ఇంకో వంద కేసులు ఎత్తుకో, వచ్చే నెల చూసుకుందాం, స్కీము ఇస్తాను అంటాడు. ఆయన ఎత్తుకుంటాడు, ఎందుకంటే మీతో రేపు కూడా పని ఉంది. తర్వాతి నెల మొదటి పదిహేను రోజులు ఆర్డర్లు ఉండవు. మళ్లీ 25వ తారీకు వస్తుంది. ఈలోగా కింద ఉన్న పాత పెట్టెల మీద కొత్త పెట్టెల బరువు పడి, వదులుగా ఉన్న మూతలు కారతాయి. మూతల గొడవా టార్గెట్ల గొడవా మీ ఇంట్లో వేర్వేరు గొడవలు కావు.

దీన్ని కొస దాకా తీసుకెళ్లిన కంపెనీ సన్‌బీమ్. మిక్సీలు, గ్రిల్లుల్లాంటి ఇంటి సామాన్లు చేసే అమెరికన్ కంపెనీ. 1996లో అల్ డన్‌లాప్ అనే ఆయన దాని అధిపతిగా వచ్చి వేలమందిని తీసేసి, లాభాలు చూపించమని కింద ఉన్నవాళ్ల మెడ మీద కూర్చున్నాడు. ఎండాకాలంలో ఆరుబయట వాడే గ్రిల్లులను చలికాలంలోనే షాపులకు అంటగట్టి, కొన్ని డెలివరీ కూడా ఇవ్వకుండానే అమ్మేసినట్టు రాసుకున్నారు. 1997లో 18.9 కోట్ల డాలర్ల లాభం చూపించారు. అందులో కనీసం 6 కోట్లు దొంగలెక్కలని తర్వాత అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ తేల్చింది. 1998లో డన్‌లాప్‌ని తీసేశారు, 2001లో కంపెనీ దివాలా తీసింది. మీరు దొంగలెక్కలు రాస్తున్నారని నేననడం లేదు. కానీ నెలాఖరు ఒత్తిడి అన్న దారి ఎటు పోతుందో తెలిసి ఉండడం మంచిది.

రెండో దారి కూడా ఉంది. సబ్బులు, డిటర్జెంట్లు చేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, పెద్ద షాపుల కంపెనీ వాల్‌మార్ట్ ఒకప్పుడు ఒకరినొకరు పీక్కుతినేవి. ఒకరు స్కీములతో సరుకు నెట్టడం, మరొకరు రేటు తగ్గించమని మెడ పట్టుకోవడం. 1987లో ప్రాక్టర్ సేల్స్ పెద్ద లూ ప్రిచెట్, వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ ఒక పడవ ప్రయాణంలో కలిసి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ప్రాక్టర్ తన మనుషుల్ని, ఒక్క సేల్స్ వాళ్లనే కాదు, లెక్కల వాళ్లను, సరుకు రవాణా చూసేవాళ్లను కూడా, వాల్‌మార్ట్ హెడ్డాఫీసు దగ్గరికే పంపించింది. షాపులో బిల్లు అయిన లెక్క నేరుగా తయారుదారుకు చేరడం మొదలైంది. ఎంత అమ్ముడైతే అంత పంపడం. మీ స్థాయిలో దీనికి కంప్యూటర్లు కూడా అక్కర్లేదు. మీ పెద్ద డిస్ట్రిబ్యూటర్లు ఎవరో ఒక ఐదుగురి దగ్గరికి వెళ్లి, గోడౌన్లో మీ సరుకు ఎంత ఉందో, ఏ బ్యాచ్‌లో ఉందో, పోయిన నెల షాపులకు ఎంత వెళ్లిందో మీరే చూసి రాసుకోండి. సేల్స్ మేనేజర్‌ని వెంట పెట్టుకోకండి. ఆయన మీద అనుమానంతో కాదు, ఆయన ముందు డిస్ట్రిబ్యూటర్ నోరు విప్పడు.

ఆ లెక్క చేతికి వచ్చాక సేల్స్ వాళ్ల ఇన్సెంటివ్‌ని గేటు దాటిన సరుకు మీంచి తీసేసి, డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి షాపులకు కదిలిన సరుకు మీద పెట్టండి. తిరిగి వచ్చిన సరుకు అందులోంచి తీసేయండి. మొదటి రెండు మూడు నెలలు మీ అమ్మకాలు పడిపోయినట్టు కనిపిస్తాయి. బ్యాంకు వాళ్లకు ముందే చెప్పుకోండి. సేల్స్ మేనేజర్ మొహం మాడుస్తాడు, పాతికేళ్ల అనుభవం గుర్తుచేస్తాడు. ఆయన జీతం మాత్రం ఆ మూడు నెలలూ తగ్గనివ్వకండి. మీరు పెట్టిన ఆటే ఆయన ఆడాడు, రూలు మార్చింది మీరు, ఆ ఖర్చు మీదే. ఆయన అడిగే యాడ్స్, స్కీములు ప్రస్తుతానికి వద్దు. కారే బాటిల్‌ని ఇంకా ఎక్కువమంది చేతిలో పెట్టడానికి డబ్బు ఖర్చుపెట్టడం ఏం తెలివి?

యాప్ గురించి ఒక్క మాట. వద్దు. ఎవరైనా తన గిన్నెల లిక్విడ్‌తో బంధం కోరుకుంటారా? ఇంట్లో అయిపోయినప్పుడు దొరకాలి, పోయినసారిలాగే పనిచేయాలి, చేతికి అంటకూడదు. 1963లో విలియం మెక్‌ఫీ అనే ఆయన ఒక సంగతి గమనించాడు, తర్వాత మార్కెటింగ్ పరిశోధకుడు ఆండ్రూ ఎహ్రెన్‌బర్గ్ రకరకాల సరుకుల్లో అదే చూపించాడు: చిన్న బ్రాండ్లకు కొనేవాళ్లు తక్కువ, ఆ కొనేవాళ్లు కూడా పెద్ద బ్రాండ్ల కస్టమర్లకన్నా కాస్త తక్కువసార్లే కొంటారు. విధేయత అని మనం అనుకునేది చాలావరకు బ్రాండ్ ఎంత పెద్దది, ఎన్ని షాపుల్లో దొరుకుతుంది అన్నదాని నీడ. పైగా మీ సరుకు కొనేవాళ్లలో ఎక్కువమంది ఏడాదికి ఒకటి రెండుసార్లు కొనేవాళ్లే అయి ఉంటారు. వాళ్లు యాప్ పెట్టుకోరు. పెట్టుకునేది ఎలాగూ మీ సరుకే కొనేవాళ్లు. వాళ్లకు పాయింట్లిస్తే ఊరికే డిస్కౌంట్ ఇచ్చినట్టు.

ఆ యాప్ డబ్బులో కొంత ఫోన్ ఎత్తే అమ్మాయి టేబుల్ మీద పెట్టండి. స్క్రీన్ మీది జాబితాకు పైన ఒక ఖాళీ గడి ఉండాలి. కస్టమర్ ఏ మాటలు అన్నదో ఆ మాటలే అందులో రాయాలి. "మూత తీయకముందే చుట్టూ జిగటగా ఉందండీ" అన్నది రాసి ఉంటే మీకు మొదటి వారంలోనే తెలిసేది. బ్యాచ్ నంబర్ తప్పకుండా అడగాలి. ఎవరినీ అడక్కుండా బాటిల్ మార్చి ఇచ్చే, లేదా డబ్బు తిరిగి ఇచ్చే అధికారం ఆమెకు ఉండాలి. ఎన్ని ఫిర్యాదులు మూసిందో లెక్కపెట్టడం మానేసి, ఎన్నిటికి అసలు కారణం తెలిసిందో అడగండి. వారానికి ఒక గంట మీరూ తమ్ముడూ వంతులవారీగా ఆమె పక్కన కూర్చుని ఫోన్లు ఎత్తండి. మీరెవరో చెప్పకండి.

ఈ గంట వృథా అనిపిస్తే 1985 గుర్తు తెచ్చుకోండి. కోకాకోలా తన పానీయం రుచి మార్చడానికి ముందు సుమారు 2 లక్షల మందికి రుచి చూపించింది. కొత్తదే బాగుందన్నారు ఎక్కువమంది. పాతది తీసేస్తే ఎలా ఉంటుందన్నది ఆ గ్లాసుల పరీక్షలో తేలలేదు. ఏప్రిల్ 23న కొత్తది ప్రకటించారు. రోజుకు 400 ఉండే ఫోన్లు జూన్‌కల్లా 1,500 అయ్యాయి. జులై 11న పాతదాన్ని తిరిగి తెస్తున్నట్టు చెప్పేశారు. 2 లక్షల మంది చెప్పనిది ఫోన్ ఎత్తేవాళ్లు విన్నారు.

ఫ్యాక్టరీకి వద్దాం. ఆపరేటర్‌కి శాలువా కప్పి ఫొటో దిగాలని ఎవరో సలహా ఇస్తారు. చేయకండి, ఆ ఫొటోలో సూపర్‌వైజర్ దోషిగా నిలబడతాడు, రేపట్నుంచి ఎవరి మీదా ఎవరూ నోరెత్తరు. ఇద్దర్నీ మెషిన్ దగ్గరికే పిలిచి, "నువ్వు చెప్పింది నిజమే, మేమే వినలేదు" అని ఆపరేటర్‌తో అనండి. మీ నోటితో, పదిమంది వింటుండగా. సూపర్‌వైజర్‌తో, "కేసుల లెక్క అడిగింది మేమే" అనండి. మూత సెట్టింగ్ సరిచేసే పని వాళ్లిద్దరికే అప్పగించండి, సప్లయర్‌ని కూడా అక్కడికే రప్పించండి. ఇకమీదట గంటకోసారి కొన్ని బాటిళ్లను పక్కకు పడుకోబెట్టి, పైన బరువు పెట్టి చూడాలి. తడి కనిపిస్తే లైన్ ఆపే హక్కు ఆపరేటర్‌ది. సూపర్‌వైజర్‌ని కొలిచేటప్పుడు కేసులతో పాటు తిరిగి వచ్చిన సరుకు కూడా లెక్కలోకి రావాలి.

ఇంతవరకు సులువే. అసలు పరీక్ష ఒక నెల తర్వాత వస్తుంది. పెద్ద ఆర్డర్ ఉన్న రోజున ఎవరో కుర్రాడు లైన్ ఆపేస్తాడు. గంట పోతుంది, చూస్తే ఏమీ ఉండదు, పైపు నుంచి పడిన నీటి చుక్క. ఆ రోజు మీ మొహం ఎలా ఉందో 120 మందీ చూస్తారు. మీకు చిరాకు వస్తుంది, సహజం. తమ్ముడికి ఇంకా ఎక్కువ వస్తుంది. ఆ రోజు తమ్ముణ్ని ఫ్యాక్టరీ వైపు వెళ్లనివ్వకండి. మీరు వెళ్లి, "ఆపడం మంచిదైంది, ఏం చూసి ఆపావు?" అని అడగండి. అక్కడ ఒక్క వెటకారం మాట పడిందా, అప్పటిదాకా పడ్డ కష్టం గంగలో కలుస్తుంది.

చివరిగా, బయట ఉన్న బాటిళ్లు వెనక్కి తెప్పించాలా అన్నారు. తెప్పించాలి. కొత్త మూత మొదలైన రోజు నుంచి ఉన్న బ్యాచ్‌లన్నీ. టైలెనాల్ లాంటి ప్రాణాపాయం కాదు కాబట్టి పత్రికా ప్రకటనల దాకా వెళ్లనవసరం లేకపోవచ్చు, కానీ గుట్టుగా మాత్రం వద్దు. డిస్ట్రిబ్యూటర్లకు మీ సంతకంతో ఒక ఉత్తరం రాయండి: ఏ బ్యాచ్‌లు, ఏం తప్పు జరిగింది, ఎప్పటిలోగా తీసుకెళ్తాం. వాళ్ల డబ్బు సరుకు తిరిగొచ్చాక సర్దుతామనకండి. ముందు క్రెడిట్ నోట్, అంటే ఆ సరుకు డబ్బు వాళ్ల ఖాతాలో తగ్గించినట్టు కాగితం, ఇచ్చి తర్వాత సరుకు తెచ్చుకోండి. పాత బాకీల సంగతి ఆ ఉత్తరంలో ఎత్తకండి. షాపు నుంచి వచ్చిన బాటిల్‌కి బిల్లు అడగకండి.

ఇంకొకటి, అన్నిటికన్నా ముందు చేయాల్సింది. సప్లయర్‌ని మార్చింది గిన్నెల లిక్విడ్‌కి మాత్రమేనా, లేక ఆ మూతే మీ ఫ్లోర్ క్లీనర్‌కి కూడా వాడుతున్నారా? మీ ఉత్తరంలో లేదు. నేల శుభ్రం చేసేవాటిలో కొన్ని ఘాటుగా ఉంటాయి. అది కారి పిల్లల చేతికో కంటికో తగిలితే అది జిగట గొడవ కాదు, ప్రమాదం. అప్పుడు పత్రికా ప్రకటన కూడా ఇవ్వాల్సిందే, మీ దేశపు చట్టం ఏ అధికారికి తెలియజేయమంటే వాళ్లకు ఆ రోజే తెలియజేయాల్సిందే. కొనుగోళ్ల రిజిస్టర్ వెతుకుతూ కూర్చోకుండా, లైన్ మీదున్న ఆపరేటర్‌నే అడగండి.